బాక్టీరియా ఇంట ఇల్లరికం
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పాటలూ, నాటికా, కూచిపూడీ ఉన్న కార్యక్రమంలో సైన్సు ప్రసంగం పెట్టడమంటే పెళ్ళి విందులో కాకరకాయ వడ్డించడమే. అయినా కార్యవర్గం వారు అడిగారు, మేము ఒప్పుకున్నాము. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు మా తెలుగు బరువుగా తోస్తే పక్కన కూర్చున్న అమ్మమ్మగారిని అడగండి. శాస్త్ర విషయం బరువుగా తోస్తే ఆ అమ్మమ్మగారే మిమ్మల్ని అడుగుతారు. సరికి సరి.

మనం చెప్పుకోబోయేది వైరస్‌ల గురించి. మనకు జలుబూ జ్వరమూ తెచ్చే వైరస్‌లు కావు, బాక్టీరియాను పట్టుకునే వైరస్‌లు. వీటికి బాక్టీరియోఫేజిలని పేరు, అంటే బాక్టీరియాను తినేవి అని అర్థం. పొట్టిగా ఫేజి అందాము. ఒక ఫేజి బాక్టీరియా కణంలో అడుగు పెట్టిన తరువాత ఏ పని ముందు చేయాలి, ఏది తరువాత చేయాలి, ఏది అసలు చేయకూడదు అన్న సంగతులను దాని జన్యువులు ఎలా తేల్చుకుంటాయి? ఇదీ మన ప్రశ్న. ఇది వట్టి ప్రయోగశాల ముచ్చటే అయితే పండుగ సభలో ఎత్తేవాళ్ళము కాము. 2000 సంవత్సరంలో, ఈ ఒంటారియోలోనే, వాకర్టన్ అనే చిన్న ఊళ్ళో కుళాయి నీళ్ళు తాగి ఏడుగురు చనిపోయారు. ఆ విషాదానికి ప్రధాన కారణమైన విషం ఒక ఫేజి జన్యువుల చెప్పుచేతల్లో తయారయ్యేది. అక్కడికి వద్దాము, కాస్త ఓపిక పట్టండి.

ముందు ఫేజి సంగతి లోకానికి చాటిన మనిషిని తలుచుకోవాలి. ఆయన పేరు ఫెలిక్స్ డెరెల్. చాలాకాలం పుస్తకాలన్నీ ఆయన మాంట్రియాల్‌లో పుట్టాడనే రాశాయి, ఆయనా అలాగే చెప్పుకున్నాడు. తరువాత తేలిందేమిటంటే 1873లో పుట్టింది పారిస్‌లో. అయితేనేం, యౌవనంలో కెనడాలో కాపురమున్న మాట నిజం. మేపుల్ పాకాన్ని పులియబెట్టి సారా తీయడం ఎలాగో పరిశోధించమని కెనడా ప్రభుత్వం ఆయనకు పని అప్పగించిందన్నదీ నిజం. తాటికల్లు ఎరిగిన మనకు ఇందులో వింత ఏమీ లేదు. పెద్ద డిగ్రీలు లేకుండా సొంతంగా చదువుకున్న ఈ మనిషి 1917లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో, జిగట విరేచనాల రోగుల మలాన్ని వడపోసిన నీటిలో బాక్టీరియాను చంపే అగోచర జీవి ఉందని ప్రకటించాడు. అంతకు రెండేళ్ళ ముందు, 1915లో, ఇంగ్లండులో ట్వార్ట్ ఇలాంటిదే చూసి రాశాడు. ఇంకా వెనక్కి పోతే 1896లో హాన్కిన్ అనే దొర ఆగ్రాలో కూర్చుని గంగా యమునల నీటికి కలరా క్రిములను చంపే గుణముందనీ, నీళ్ళు మరిగిస్తే ఆ గుణం పోతుందనీ రాశాడు. అది ఫేజి మహిమేనా కాదా అన్న వాదం నేటికీ ఉన్నది. మన పెద్దవాళ్ళు మాత్రం ఆ వాదంతో పని లేకుండానే గంగ చెంబును పూజగదిలో పెట్టుకున్నారు.

ఫేజి బతుకుకు రెండు దారులు. మొదటిది దోపిడి దారి. ఫేజి తన డి.ఎన్.ఏ.ని బాక్టీరియా లోపలికి ఎక్కిస్తుంది, ఆ కణంలోని యంత్రాంగాన్నంతా తన పనికి పెట్టుకుంటుంది, గంట తిరక్కుండా సుమారు వంద పిల్ల ఫేజిలను తయారుచేసి కణాన్ని పగలగొట్టి బయటపడుతుంది. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం అంటారే, అది. రెండవ దారి ఇల్లరికం. ఫేజి తన డి.ఎన్.ఏ.ని బాక్టీరియా క్రోమోజోములో ఒకచోట అతికించి నోరు మూసుకుని కూర్చుంటుంది. బాక్టీరియా రెండుగా చీలినప్పుడల్లా అల్లుడుగారి డి.ఎన్.ఏ. కూడా రెండవుతుంది. తరాలు గడుస్తాయి. ఇంట్లో అల్లుడున్నాడని ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఇలా దాగి ఉన్న ఫేజిని ప్రొఫేజి అంటారు. అన్ని ఫేజిలకూ ఈ రెండవ దారి లేదు. కొన్ని పుట్టు దోపిడిగాళ్ళు.

ఈ ఇల్లరికం సంగతి చాలామంది శాస్త్రజ్ఞులకు ఒక పట్టాన మింగుడుపడలేదు. డెరెల్ స్వయంగా ఒప్పుకోలేదు. అమెరికాలో డెల్‌బ్రుక్ వంటి ఉద్దండులూ నమ్మలేదు. దాన్ని తేల్చినవారిలో ఒక కెనడా యువకుడు ఉన్నాడని చెప్పడానికి మాకు సంతోషంగా ఉంది. లూయీ సిమినోవిచ్ 1920లో మాంట్రియాల్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చిన యూదులు. అంటే ఈ సభలో కూర్చున్న మన పిల్లల వంటివాడే. మెక్‌గిల్‌లో రసాయనశాస్త్రం చదివి, యుద్ధం ముగిశాక పారిస్ వెళ్ళి, పాశ్చర్ సంస్థ మేడపై అటక లాంటి ప్రయోగశాలలో ఆంద్రె ల్వోఫ్ దగ్గర చేరాడు. ల్వోఫ్ అప్పటికే ఒక్కొక్క బాక్టీరియా కణాన్ని వేరుచేసి, అది చీలుతుంటే కన్నార్పకుండా చూస్తూ, బయట ఫేజి కనబడకపోయినా ఆ కణాల సంతతికి ఫేజిని పుట్టించే శక్తి ఉందని చూపించి ఉన్నాడు. ఆ దాగినవాణ్ణి కోరుకున్నప్పుడు బయటికి రప్పించడమే కుదరలేదు. ఏవేవో ప్రయత్నించారు. చివరికి 1950లో ల్వోఫ్, సిమినోవిచ్, డెన్మార్కు వాడైన షెల్‌గార్డ్ కలిసి బాక్టీరియా మీద అతినీలలోహిత కాంతి ప్రసరింపజేశారు. బాక్టీరియా కాసేపు ఏమీ జరగనట్టే పెరిగింది. ఆపైన, గంటకు అటూ ఇటూగా, మబ్బుగా ఉన్న గొట్టం తేటపడిపోయింది. దాదాపు ప్రతి కణమూ పగిలి ఫేజిలను వెదజల్లింది. ఇల్లరికపుటల్లుడు లేచి నిలబడ్డాడు.

సిమినోవిచ్ 1953లో టొరంటో తిరిగివచ్చి, ఈ నగరంలో జన్యుశాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకడై, 2021లో నూరేళ్ళ వయసులో కన్నుమూశాడు. ల్వోఫ్, జాకోబ్, మోనోలకు 1965లో నోబెల్ బహుమతి వచ్చింది.

అల్లుణ్ణి అంతకాలం కూర్చోబెట్టిందేమిటి, లేపిందేమిటి అన్నది తరువాతి ప్రశ్న. దానికి జవాబు లాంబ్డా అనే ఫేజిలో దొరికింది. ఇది మన పేగుల్లో ఉండే ఇ. కోలై బాక్టీరియాలో కాపురముంటుంది. ప్రయోగశాలల్లో 1922 నుంచీ వాడుతున్న కె-12 అనే ఇ. కోలై వంశంలో ఇది ఎవరికీ తెలియకుండా మూడు దశాబ్దాల పాటు దాగి ఉన్నది. 1950 ప్రాంతంలో ఎస్తర్ లెడర్‌బర్గ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త కంటపడింది. ఆమె భర్తకు నోబెల్ వచ్చింది, ఆమెకు రాలేదు. ఈ మాట అడగకుండానే చెబుతున్నాము, సభలో ఆడపిల్లలు ఉన్నారు కనుక.

లాంబ్డా డి.ఎన్.ఏ.లో 48,502 అక్షరాల జతలు. 1982లో సాంగర్ బృందం మొత్తం చదివింది. ఇంత చిన్న పుస్తకంలో అంత పెద్ద రాజకీయం ఎలా నడుస్తుందో చూడండి.

కణంలో లాంబ్డా నిద్రిస్తున్నప్పుడు దాని జన్యువుల్లో ముఖ్యంగా ఒక్కటి మాత్రం మెలకువగా ఉంటుంది. దాని పేరు సీ-వన్. అది తయారుచేసే ప్రోటీనును రిప్రెసర్ అంటారు. మనం కావలివాడు అందాము. ఈ కావలివాడు లాంబ్డా డి.ఎన్.ఏ. మీద రెండు చోట్ల పట్టు బిగించి కూర్చుంటాడు. సరిగ్గా ఆ రెండు చోట్లనుంచే మిగిలిన జన్యువుల పని మొదలు కావాలి. ద్వారం దగ్గర మంచం వేసుకుని పడుకున్న తాతగారిని దాటి ఎవరు పోగలరు? అంతేకాదు, మరో లాంబ్డా బయటినుంచి వచ్చి చొరబడినా ఈ కావలివాడే దాని జన్యువులనూ నొక్కేస్తాడు. ఒక అల్లుడున్న ఇంట్లో రెండో అల్లుడికి చోటు లేదు. ఈ ప్రోటీనును 1967లో హార్వర్డులో మార్క్ టాష్నీ వేరుచేసి చూపాడు. అంతవరకూ అది ఊహ మాత్రమే.

ఇక కొత్తగా ప్రవేశించిన ఫేజి సంగతి. అప్పటికి కావలివాడు ఇంకా పుట్టలేదు. బాక్టీరియా యంత్రం ఫేజి డి.ఎన్.ఏ.ని రెండు వైపులా చదవడం మొదలుపెడుతుంది. మొట్టమొదట పుట్టేవి ఎన్, క్రో అనే రెండు ప్రోటీనులు. డి.ఎన్.ఏ. మీద ఇక్కడ ఆగు అనే గుర్తులుంటాయి. బాక్టీరియా యంత్రం అక్కడికి రాగానే ఆగిపోతుంది. ఎన్ వచ్చి ఆ యంత్రం మీద ఎక్కి కూర్చుంటుంది, ఇక ఆ గుర్తులను లక్ష్యపెట్టకుండా యంత్రం ముందుకు సాగుతుంది. ముందున్న జన్యువులు చదవబడతాయి. వాటిలో సీ-టూ అనేది కావలివాణ్ణి పుట్టించడానికీ, డి.ఎన్.ఏ.ని అతికించే ఎంజైమును పుట్టించడానికీ ఆజ్ఞ ఇస్తుంది. మరోవైపు క్రో కావలివాడి పుట్టుకను అడ్డుకుంటుంది. ఒకే గడపకోసం ఇద్దరి పోటీ.

ఈ పోటీలో తీర్పు చాలావరకు సీ-టూ బతుకు మీద ఆధారపడి ఉంటుంది. అది మహా సుకుమారం. బాక్టీరియాలోని ఒక ఎంజైము దాన్ని ఇట్టే నమిలేస్తుంది. కణం పుష్టిగా, తిండి సమృద్ధిగా ఉన్నప్పుడు సీ-టూ నిలవదు, కావలివాడు పుట్టడు, దోపిడి సాగుతుంది. కణం ఆకలితో ఉంటే సీ-టూ నిలుస్తుంది. ఒకే కణంలో ఒకేసారి అనేక ఫేజిలు దూరినా అంతే; సీ-టూ, దానికి గొడుగు పట్టే సీ-త్రీ, రెండూ ఎక్కువెక్కువగా పుట్టి ఇల్లరికం వైపు మొగ్గు చూపిస్తాయి. ఆలోచిస్తే న్యాయంగానే ఉంది. ఇల్లు కలిగినదైతే దోచుకుపోవచ్చు. ఇల్లు పస్తులున్నా, ఒక్క ఇంటికి పదిమంది దొంగలు చేరినా, దోచి బయటికెళ్ళి చేసేదేముంది? ఫేజికి బుద్ధి ఉందని మేము అనడంలేదు. ఇదంతా ప్రోటీనుల లెక్క. అయినా ఈ లెక్క చూసినప్పుడల్లా మాకు గణపవరం సంతలో బేరాలు గుర్తుకొస్తాయి.

దోపిడి ఖాయమైతే చివరికి క్యూ అనే ప్రోటీను పుడుతుంది. అదీ ఎన్ లాగే యంత్రాన్ని ఆగకుండా నడిపించేదే. క్యూ వచ్చాకనే ఫేజి తల, తోక, చివరికి కణం గోడను పగలగొట్టే ప్రోటీనులు తయారవుతాయి. అన్నీ వరసక్రమంలో. గోడ పగలగొట్టేది ముందుగా వస్తే పిల్ల ఫేజిలు తయారుకాకుండానే ఇల్లు కూలిపోతుంది గదా.

హైదరాబాదులోనూ ఈ రంగంలో మంచి పని జరిగింది. అక్కడి సి.డి.ఎఫ్.డి. సంస్థలో రంజన్ సేన్ బృందం, యంత్రాన్ని ఆపే రో అనే బాక్టీరియా ప్రోటీను మీద ఏళ్ళ తరబడి పరిశోధించింది. పీ-4 అనే మరో ఫేజికి చెందిన పీ.ఎస్.యూ. అనే ప్రోటీను ఈ రో పనిని ఎలా అడ్డుకుంటుందో వివరించింది. రో లేకపోతే ఇ. కోలై బతకలేదు. కనుక ఫేజి దగ్గర నేర్చుకున్న ఈ కిటుకు ఏనాటికైనా మందుకు పనికిరావచ్చు.

సరే, నిద్రలో ఉన్న ఫేజి ఎందుకు లేస్తుంది? అతినీలలోహిత కాంతి బాక్టీరియా డి.ఎన్.ఏ.ని గాయపరుస్తుంది. గాయపడిన కణం ప్రమాద ఘంట మోగించి రెక్-ఏ అనే ప్రోటీనును రంగంలోకి దించుతుంది. దాని సహాయంతో కావలివాడు తనను తానే నరుక్కుంటాడు. ద్వారం ఖాళీ. కొంప అంటుకున్నదని తెలియగానే అల్లుడు మూటాముల్లె సర్దుకుని ఉడాయించడమే ఇది. కాంతి ఒక్కటే కాదు, డి.ఎన్.ఏ.ని గాయపరిచే ఏ పదార్థమైనా ఈ పని చేయగలదు. కొన్ని యాంటీబయోటిక్ మందులు కూడా.

ఇక్కడ వాకర్టన్ వస్తుంది.

1977లో అటావాలో కొనొవాల్‌చుక్ బృందం కొన్ని ఇ. కోలై వంశాలు కోతి మూత్రపిండాల కణాలను చంపే విషాన్ని తయారుచేస్తున్నాయని కనుక్కున్నది. 1983లో టొరంటో పిల్లల ఆసుపత్రిలో కర్మాలి బృందం, చిన్నపిల్లల మూత్రపిండాలు హఠాత్తుగా చెడిపోయే ఒక జబ్బుకూ ఈ విషానికీ సంబంధం చూపించింది. ఈ జబ్బులో మొదట రక్తంతో విరేచనాలు, కొద్దిరోజులకు ఎర్ర రక్తకణాలు చితికిపోవడం, మూత్రం తగ్గిపోవడం. ఆ కాలంలోనే తేలిన మరో సంగతి, ఈ విషం జన్యువు బాక్టీరియాది కాదు, దానిలో దాగిన ఫేజిది! లాంబ్డాకు దగ్గరి బంధువైన ఫేజి. ఓ157 అనే ఇ. కోలై వంశంలో ఇలాంటి ప్రొఫేజిలు తిష్ఠ వేసుకుని ఉంటాయి. 1996లో జపానులోని సకాయ్ నగరంలో వేలాది బడిపిల్లలకు జబ్బు చేసిన వంశంలో, వాడిపోయి పనికిరానివాటితో కలిపి 18 ప్రొఫేజిలు లెక్కతేలాయి. ఒక ఇంట్లో పద్ధెనిమిదిమంది ఇల్లరికపుటల్లుళ్ళు.

ఆ విషం జన్యువుల్లో ప్రమాదకరమైన రెండవ రకం ఎక్కడ ఉన్నదో చూడండి. క్యూ ఆజ్ఞ ఇచ్చాక చదవబడే వరసలో, గోడ పగలగొట్టే జన్యువులకు కొంచెం ముందు ఉన్నది. అంటే కావలివాడు గడపలో ఉన్నంతసేపూ విషం పుట్టదన్నంత తక్కువ. కావలివాడు పడిపోయాడా, క్యూ వస్తుంది, విషం పెద్ద ఎత్తున తయారవుతుంది, ఆ వెంటనే కణం పగిలి అదంతా మన పేగులోకి వస్తుంది.

వాకర్టన్‌లో 2000 మే నెలలో భారీ వర్షాలు కురిశాయి. పశువుల పేడలోని బాక్టీరియా ఒక బావిలోకి చేరింది. పశువులకు దానివల్ల సాధారణంగా జబ్బు చేయదు. ఆ నీటిలో క్లోరిన్ సరిగా కలపలేదు, పరీక్షలూ సరిగా జరగలేదు. సుమారు అయిదువేల జనాభా గల ఊరికి చెందిన నీటివల్ల 2,300 మందికి పైగా జబ్బు పడ్డారు, ఏడుగురు పోయారు, 27 మందికి మూత్రపిండాలు దెబ్బతినే ఆ జబ్బు వచ్చింది. ఓ157తో పాటు కాంపిలోబాక్టర్ అనే మరో బాక్టీరియా కూడా ఆ నీళ్ళలో ఉన్నది. న్యాయమూర్తి డెనిస్ ఓకానర్ విచారణ జరిపి 2002లో నివేదిక ఇచ్చారు. ఒంటారియో తాగునీటి చట్టాలు ఆ తరువాతే గట్టిపడ్డాయి.

మన ఇళ్ళ సంగతి ఒకటి నేరుగా చెబుతాము, ఎవరూ ఏమీ అనుకోవద్దు. మనలో చాలామంది ఇండియా వెళ్ళివచ్చేటప్పుడు ఊరగాయ సీసాలతో పాటు సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలు కూడా తెచ్చుకుంటాము. పిల్లవాడికి విరేచనాలైతే ఒకటి విరిచి వేద్దామనిపిస్తుంది. ఆ మందు బాక్టీరియా డి.ఎన్.ఏ. పని మీదనే దెబ్బ కొట్టేది. ఓ157 అయితే ఆ దెబ్బకు ప్రమాద ఘంట మోగుతుంది, కావలివాడు తెగిపోతాడు, విషం పెరుగుతుంది. ప్రయోగశాలలోనూ ఎలుకల్లోనూ ఇది రుజువైంది. మనుషుల్లో జరిపిన అధ్యయనాలన్నీ ఒక్కమాట మీద లేవుగానీ, ఓ157 అనుమానం ఉన్నప్పుడు వైద్యులు సాధారణంగా యాంటీబయోటిక్ ఇవ్వరు. విరేచనాలు కట్టే మాత్రలూ ఇవ్వరు. కనుక పిల్లలకు రక్తవిరేచనాలైతే ఇంట్లో ఉన్న ఏ మాత్రా వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. బామ్మగారు ఎంత పట్టుబట్టినా సరే. వేసవిలో ఇనుప చట్రం మీద కాల్చే హాంబర్గర్ మధ్యలో ఎర్రగా ఉంటే ఇంకాసేపు కాలనివ్వండి.

కలరా కథ కూడా ఇటువంటిదే. కలరా విషాన్ని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే చూపించారు. ఆ విషపు జన్యువు కూడా ఒక ఫేజిదేనని 1996లో వాల్డర్, మెకలానోస్ తేల్చారు. ఆ ఫేజికీ ఒక కావలివాడున్నాడు. మన తాతల కాలంలో ఊళ్ళకు ఊళ్ళు ఊడ్చుకుపోయిన గత్తర వెనుక ఉన్నది ఇదే.

ఇంత చెప్పాక ఫేజి అంటేనే భయపడవలసిన పని లేదు. ఏ మందుకూ లొంగని బాక్టీరియా మీదికి ఫేజిని ఉసిగొల్పే వైద్యం డెరెల్ నాడే మొదలైంది. దానికి దోపిడిగాడు కావాలి, ఇల్లరికపువాడు పనికిరాడు. మరి దొరికినవాడు ఇల్లరికపువాడైతే? లండనులో పదిహేనేళ్ళ అమ్మాయికి ఊపిరితిత్తుల మార్పిడి తరువాత మందులకు లొంగని బాక్టీరియా శరీరమంతా పాకింది. అమెరికాలో హాట్‌ఫుల్ బృందం వేల ఫేజిల్లో వెతికి మూడింటిని ఎంచింది. రెండింటికి ఇల్లరికపు బుద్ధి ఉన్నది. వాటి డి.ఎన్.ఏ. నుంచి కావలివాడి జన్యువును తీసివేశారు. ఇక ఆ ఫేజిలకు దోపిడి తప్ప మరో దారి లేదు. అమ్మాయి గాయాలు మానడం మొదలైంది, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళగలిగింది. ఈ వివరాలు 2019లో ప్రచురించారు. మూడవ ఫేజి పుట్టు దోపిడిగాడే. అది దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో కుళ్ళిన వంకాయ అడుగున దొరికింది. డర్బన్ మనకు పరాయి ఊరు కాదు, 19వ శతాబ్దంలో మద్రాసు రేవులో ఓడలెక్కిన తెలుగు కూలీల సంతతి నేటికీ అక్కడ ఉన్నది.

బాక్టీరియా కూడా చేతులు కట్టుకుని కూర్చోదు. చొరబడిన ఫేజి డి.ఎన్.ఏ.ని గుర్తుపట్టి నరికే క్రిస్పర్ అనే ఏర్పాటు వాటికున్నది. దాన్ని తేల్చిన ముఖ్యమైన పనిలో క్విబెక్‌లోని లవాల్ విశ్వవిద్యాలయపు సిల్వెయిన్ మొయినో పాలుపంచుకున్నారు, అదీ పెరుగూ జున్నూ తోడుకునే బాక్టీరియా మీద. ఆ కత్తిని మొద్దుబార్చే జన్యువులు ఫేజిల్లో ఉన్నాయని 2013లో టొరంటో విశ్వవిద్యాలయం వారు చూపించారు. పై ఎత్తుకు పై ఎత్తు. లవాల్‌లోనే 1982లో అకెర్మాన్ అనే ఆచార్యుడు ఒక ఫేజిల భాండాగారం నెలకొల్పాడు. వందల రకాల ఫేజిలు అక్కడి సీసాల్లో ఉన్నాయి, దేశదేశాల ప్రయోగశాలలు రాసి తెప్పించుకుంటాయి. దానికి పెట్టిన పేరు ఫెలిక్స్ డెరెల్‌ది.